గొర్రెల మూల వైన్‌లో మోకాలినొప్పి

నేను ఇంతకుముందు ఏమీ రాసి ఎరగను. చిన్న బడి చదువు అయిన మర్నాడే మా నాన్న చేతికి కత్తెర ఇచ్చి ద్రాక్షతోటలోకి తోలాడు. అప్పట్నించీ నేను రాసింది సంతకాలూ, కొట్టు సామాన్ల చీటీలూ అంతే. నలుగురి ముందు నోరు కూడా పెగలదు నాకు. కానీ వైన్ కొనడానికి వచ్చిన లెస్క్యూర్ గారు వెళ్తూ వెళ్తూ, "సీసాల్లోకి పోశాక ఆ నొప్పి వైన్‌లోంచి పోతుంది కదా సిల్వియాన్ గారూ, పోకముందే కాగితం మీద పెట్టండి" అన్నారు. పీపాలుంచే ఆ నేలమాళిగలో నన్ను "మీరు" అన్న మొదటి మనిషి ఆవిడ. అందుకని పెడుతున్నాను.

ప్రతి ఫిబ్రవరిలోనూ కొనేవాళ్ళు వస్తారు, కొత్త ఎర్ర వైన్ పీపాల్లోంచి రుచి చూడటానికి. ఫెర్నాన్ అని ముసలి మాళిగ పనివాడున్నాడు, అతను గాజు గొట్టంతో తీసి పోస్తాడు. నేను మూల నిలబడి గ్లాసులు కడుగుతాను. ముక్కాలి పీటలు వేయడం కూడా నా పనే. కొత్త వైన్ తాగేవాళ్ళకి పీటలు కావాలి మరి. మా ఊళ్ళో వైన్‌లో మొదటి చలికాలమంతా, సీసాల్లోకి పోసేదాకా, తోట చేసినవాళ్ళ ఒంటి బాధలు ఉంటాయి, తాగినవాళ్ళకి దిగుతాయి. ట్రాక్టరు దున్నిన తోటదైతే తాగినవాడికి పిరుదులు తిమ్మిరెక్కి చెవుల్లో హోరు పెడుతుంది. నెలలు నిండిన గర్భిణి ఒకామె తీగలు కట్టిన ఏడు, లీల్ పట్నం నుంచి వచ్చిన లావుపాటి వర్తకుడు సాయంత్రం దాకా నడుం పట్టుకుని తిరిగాడు. నోట్లో పుక్కిలించి బకెట్లో ఉమ్మేసినా లాభం లేదు, నాలుకకి తగిలితే చాలు. ఒక రాత్రి నిద్రపోతే మటుకు పోతుంది.

మా యజమాని వెర్నూ గారు కొత్త వైన్ ముట్టరు. కడుపుకి పడదంటారు. ఎన్నేళ్ళుగానో అదే మాట. సీసాల్లోకి పోశాక మాత్రం భేషుగ్గా పడుతుంది.

పోయినేడు చాలా చెడ్డ ఏడు. ఏప్రిల్లో మంచు చిగుళ్ళని మాడ్చేసింది, మిగిలినవాటి మీద జూన్ నుంచి ఆగస్టు దాకా వాన. ఆకులకి బూజు తెగులు పట్టింది. గొర్రెల మూల అని వాలులో చిన్న తోట ఉంది, నలభై ఒక్క సాళ్ళు, ఇరవై ఆరేళ్ళుగా కత్తిరించేదీ కట్టేదీ నేనే. అక్కడ బురదలో ట్రాక్టరు దిగబడిపోయింది. వెర్నూ గారు గట్టు మీద గొడుగేసుకు నిలబడి, ఆ మూల వదిలెయ్, పోతే పోయిందనుకుందాం అని చెప్పి, కొడుకునీ భార్యనీ తీసుకుని సముద్రానికి పోయారు.

నేను వదల్లేదు. మైలుతుత్తం మందు కలుపుకుని పంపు వీపుకి తగిలించుకుని పదకొండుసార్లు తిరిగాను. నిండా పోస్తే ఇరవై కిలోలు. మూడోసారికే ఎడమ మోకాలు వాచింది. పంపు పిడి కొట్టీ కొట్టీ కుడిచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారాయి, ఇప్పటికీ స్పర్శ రాలేదు. ప్రతి సాలు చివరా ఆగి ఆయన ఇంటి మూసిన కిటికీల వైపు చూసి తిట్టేదాన్ని. నోట్లోనే. నాకు తెలిసిన తిట్లన్నీ అయిపోయి మళ్ళీ మొదట్నించీ మొదలుపెట్టేదాన్ని. పక్క తోటల్లో గుత్తులు నల్లగా ఎండి వేలాడాయి. గొర్రెల మూలలో రెండు పీపాలు వచ్చాయి.

ఈ ఫిబ్రవరిలో ఓ సోమవారం వెర్నూ గారు నన్ను పిలిచి, వసంతం నుంచి ఆ తోట మా తిబో చేస్తాడు, నువ్విక రానక్కర్లేదు అన్నారు. నీ మోకాలికీ విశ్రాంతి కదా అన్నారు, నాకేదో మేలు చేస్తున్నట్టు. తిబో ఆయన కొడుకు. అదే రోజు తిబో వీపుకి ఖాళీ పంపు తగిలించి ఫొటో తీయించారు. పట్టీ బిగించింది నేనే. వాడి బూట్లకి మట్టి కూడా లేదు. ఆ ఫొటో మాళిగలో పీపాల పైన మేకుకి తగిలించారు.

గురువారం లెస్క్యూర్ గారు ఇద్దరితో కలిసి వచ్చారు. ముందు పీపాలన్నీ పల్చగా పుల్లగా ఉన్నాయి. వాళ్ళు పిరుదులు రుద్దుకుంటూ ఏదో రాసుకున్నారు. ఆఖరికి గొర్రెల మూల పీపాల దగ్గరికి వచ్చేసరికి వెర్నూ గారు ఫొటోనీ, పక్కన నిలబడ్డ కొడుకునీ చూపించి, ఇది మా తిబో కాపాడింది, పదకొండుసార్లు వీపు మీద మోశాడు అన్నారు. నా సంఖ్య కూడా తీసేసుకున్నారు. నా చేతిలో గ్లాసు పగిలింది.

లెస్క్యూర్ గారు ఒక గుక్క తీసుకున్నారు. ఆవిడ ఎడమ మోకాలు ఒక్కసారిగా ఒరిగిపోయింది. ఫెర్నాన్ పీట తోశాడు. ఆవిడ కూచుని మోకాలు పట్టుకుని, కుడిచేతి చివరి వేళ్ళు ముడవబోయారు. ముడుచుకోలేదు.

"తిబో బాబూ, నీ మోకాలికి ఏమైంది?" అని అడిగారు.

"నా మోకాలికా? ఏం కాలేదే" అన్నాడు వాడు. తండ్రి చూపు వాడికి ఆలస్యంగా తగిలింది.

"చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాడు లెండి" అన్నారు వెర్నూ గారు.

"అయితే ఇప్పుడు బాగా గెంతుతున్నాడే" అన్నాడు ఫెర్నాన్, ఎవరితోనూ కాదన్నట్టు.

లెస్క్యూర్ గారి మొహం ఎర్రబడింది. చెవుల దాకా. "ఈ నొప్పి ఒకటే కాదు. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడంలేదు" అన్నారు. ఆవిడ చూపు ఫెర్నాన్ మీద నుంచి తిబో మీదకి పోయింది, అక్కడా ఆగలేదు. వెర్నూ గారి దగ్గర ఆగింది. "మీ మీద" అన్నారు మెల్లగా. తర్వాత నేను కుంటుకుంటూ గాజుపెంకులు ఏరుతుంటే నా కాలికేసి చాలాసేపు చూశారు. మాళిగ మొత్తం నా కాలికేసే చూసింది. నాకు పీపా వెనక దాక్కోవాలనిపించింది.

ఫెర్నాన్ ఇంకో గ్లాసులో పోసి వెర్నూ గారికి పట్టుకెళ్ళాడు. "మీరూ ఒక చుక్క వేసుకోండి అయ్యా."

"నా కడుపు సంగతి నీకు తెలుసుగా."

"ఉమ్మేయండి. మీరు రుచి చూడని వైన్ నేనెలా కొనేది?" అన్నారు లెస్క్యూర్ గారు.

ముగ్గురు కొనేవాళ్ళ ఎదుట ఇంకేం చేస్తారు, తాగారు. మోకాలు మడతపడి పీపా అంచు పట్టుకు వేలాడారు. తర్వాత నా కోపం ఆయనలోకి దిగింది. అది వెతుక్కునేది ఆయన్నే కదా. వేలాడుతూనే చెయ్యి చాపి ఆ ఫొటో లాగి రెండు ముక్కలు చేసి, తనని తనే తిట్టుకోవడం మొదలుపెట్టారు. నా తిట్లే, నేను తిట్టుకున్న వరసలోనే, పైకి. అవి ఎంత పెద్దగా వినబడతాయో నాకు అప్పుడే తెలిసింది. ఆఖర్న, "గొర్రెల మూల సిల్వియాన్‌కి సగం పాలికి ఇస్తున్నా, బతికున్నంత కాలం" అన్నారు.

లెస్క్యూర్ గారు అక్కడే కాగితం మీద రాసేశారు. రెండు పీపాలూ కొంటానన్నారు, ఆ కాగితం మీద సంతకం పడితేనే. ఆయన వేళ్ళు మొద్దుబారి కలం పట్టు దొరకలేదు, రేపు పెడతానన్నారు. ఆవిడ కాగితం నా చేతిలో పెట్టారు. ఫెర్నాన్ చిన్న సీసాలో గొర్రెల మూల వైన్ పట్టి నా కోటు జేబులో వేసి, "రాత్రి నిద్రపోతాడు పిల్లా, పొద్దున్నకి మళ్ళీ పాత మనిషే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాళ్ళ వంటింటి తలుపు తట్టాను. వెర్నూ గారు కాఫీలో రొట్టె ముంచుకుంటున్నారు, మోకాలు నిక్షేపంలా ఉంది. "నిన్న ఏదో నొప్పిలో అన్నానులే సిల్వియాన్" అన్నారు.

కాగితం బల్ల మీద పరిచి, పక్కనే సీసాలోది గ్లాసులో పోసి పెట్టాను. కలం ఒక పక్కా, గ్లాసు ఒక పక్కా. ఆయన గ్లాసు చూశారు, నన్ను చూశారు. కలం తీసుకున్నారు.

కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాను. పోసిన వైన్ పారబోయడానికి మనసొప్పక నేనే తాగాను. ఆ నొప్పీ ఆ కోపమూ నాకు ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా ఏమీ రాలేదు. ఉత్త వైన్ రుచి తెలిసింది. పుల్ల చెర్రీ పండులా, వానలో తడిసిన రాయి నాకినట్టు. పల్చగానే ఉంది కానీ గొంతు దిగాక కూడా పోకుండా నిలబడింది. బాగుంది.

కత్తెర తీసుకుని గొర్రెల మూలకి వెళ్ళాను. మొదటి సాలు మొదలుపెట్టాను.