పద్నాలుగో ప్లాటులో మగ్గం గుంత

వాన వెలిసి మూడు రోజులైనా నా మగ్గం గుంతలో మోకాలి లోతు నీళ్లు. మాది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, తొక్కుతూ నేయాలి. ఇరవై ఏళ్లలో ఆ గుంత ఎప్పుడూ తడవలేదు. ప్రొద్దుటూరు పెరిగి పెరిగి మా వీధి దాకా వచ్చింది. మా ఇంటి దిగువన పారే వంకను గంగాధర్ మట్టితో పూడ్చి ప్లాట్లు వేశాడు. దారి మూసుకుపోయిన నీళ్లు నా ఇంట్లోకి ఎగదన్నాయి. నేయకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

అర్జీ పెడితే సర్వే ఆఫీసు నుంచి కొలతల సారు వచ్చాడు. గుంతలోకి తొంగి కూడా చూడలేదు.

"రికార్డులో ఇక్కడ వంకే లేదమ్మా. ఆ గుంత పూడ్చేసి కరెంటు మగ్గం పెట్టుకో" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వంక పూడ్చినవాణ్ణి వదిలేసి నన్ను గుంత పూడ్చుకోమంటాడా!

ఆదివారం ప్లాట్లు చూడటానికి జనం వచ్చారు. షామియానా, కూల్‌డ్రింకులు, పెళ్లి హడావుడే. కువైట్ నుంచి వచ్చిన మా వీధి నయీం పద్నాలుగో ప్లాటు కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. పక్కింటి నాగలతను వెంటబెట్టుకుని, గడ్డపారతో సరిగ్గా ఆ ప్లాటులోకే వెళ్లి తవ్వడం మొదలుపెట్టాను.

"ఏంది మాబున్నీ, ఏం చేస్తాండావు?" గంగాధర్ పరుగెత్తుకొచ్చాడు.

"మగ్గం గుంత తవ్వుతాండా గంగాధరన్నా. ఈడ వంక లేదంట కదా. పొడి నేల. ఈడే నేసుకుంటా."

"నా ప్లాటులో నీ మగ్గమేంది?"

"వంక నా ఇంట్లోకొస్తే నీకు పట్టలేదు. నా మగ్గం నీ ప్లాటులోకొస్తే రోషమొచ్చిందా?"

గడ్డపార లాక్కోబోయాడు. నయీం అడ్డం నిలబడ్డాడు.

"తవ్వనీ అన్నా. కొనేటోణ్ణి, నేనూ సూడాల."

నాగలత మట్టి ఎత్తిపోసింది. మోకాలి లోతుకే నేల మెత్తబడింది. నడుము లోతుకు ఎర్రటి నీళ్లు ఊరాయి. నేను అంచున కూర్చుని, మగ్గంలో కూర్చున్నట్టే కాళ్లు దించాను. చూస్తుండగానే నీళ్లు మోకాళ్లకెక్కాయి. నయీం కాగితాన్ని సంతకం లేకుండానే తిరిగిచ్చేశాడు.

"వాన నీళ్లు! నాలుగు దినాలకు ఇంకిపోతాయి. లెయ్!" గంగాధర్ జనానికి వినబడేలా అరిచాడు.

"జేసీబీని పిలిచి వంక మట్టి తీయిస్తావా, ఇంకో గుంత తవ్వాల్నా?" అన్నాను.

అప్పటికే నాగలత గడ్డపార తీసుకుని పదిహేనో ప్లాటులోకి నడిచింది.