ఆయనగారి పచ్చని ఆకులు

పొద్దున్నే లంచ్ బాక్సు చేతికిచ్చిందో లేదో, ఆయన తన ఫోను తీసి ఆమె హ్యాండ్‌బ్యాగులో పడేశాడు. కొన్ని వారాలుగా ఇదే వరస. పర్యావరణాన్ని కాపాడదామని ఆయన ఆఫీసువాళ్ళు అందరి సొంత ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించారు. నడిచినా, బస్సెక్కినా అందులో పచ్చని ఆకులు పెరుగుతాయి. కారో ఆటోనో ఎక్కితే రాలిపోతాయి. ఆయన మాత్రం ఆఫీసు ఫోను జేబులో వేసుకుని దర్జాగా ఏసీ కారులో వెళ్తాడు. పచ్చదనంలో ఆఫీసు మొత్తానికీ ఆయనే ఫస్టు.

"నువ్వెలాగూ నడుస్తావు. ఆ నడకేదో నాకు పనికొస్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు మొదటిరోజు. మావాడి బుర్రే బుర్ర అని అత్తగారు మురిసిపోయింది. కూరగాయలకీ, బడికీ, కళ్ళజోళ్ళ దుకాణంలో తన ఉద్యోగానికీ ఆమె కాళ్ళరిగేలా తిరిగిందంతా ఆయన లెక్కలోకే పోతోంది. వాన పడ్డా ఆటో ఎక్కాలంటే భయం. ఆకులు తగ్గితే సాయంత్రం ఆయన మొహం మాడ్చుకుంటాడు. రేపే బహుమతి. ఈ ఒక్కరోజూ జాగ్రత్త అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

మధ్యాహ్నం బడి నుంచి ఫోనొచ్చింది. పాపకు ఆయాసం ఎక్కువైందట, ఇన్‌హేలర్ ఇచ్చారట, వెంటనే రమ్మన్నారు. కళ్ళద్దాలు ఎక్కడివక్కడ వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఖాళీ ఆటో వచ్చి ఆగింది. ఆమె చెయ్యి బ్యాగు మీదికి వెళ్ళింది. ఆకులు రాలిపోతాయి అనుకుంది. ఆటో వెళ్ళిపోయింది. వెనకాలే వచ్చిన బస్సెక్కింది. అది సిగ్నల్ దగ్గర కదలకుండా నిలబడిపోతే అప్పుడు తెలిసొచ్చింది. అక్కడ బిడ్డకు ఊపిరాడకపోతుంటే నేను ఆలోచించింది దేని గురించి? తన మీద తనకే భయం వేసింది. అక్కడే దిగి, కనబడిన టాక్సీ ఎక్కేసింది.

పాప నర్సు పక్కన కూర్చుని ఉంది. పెదాలకు రంగు తిరిగొచ్చింది గానీ ఎగశ్వాస తగ్గలేదు. మీ కోసం ఒకటే ఏడుపమ్మా అంది నర్సు. ఆమె తలెత్తలేకపోయింది. పాపను ఎత్తుకుని, బయట ఆపి ఉంచిన టాక్సీలోనే డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

దారిలో ఆమె ఫోను మోగింది. భర్త.

"కారెక్కావా? సెకండ్ ప్లేసుకి పడిపోయాన్నేను. అంత కొంపలేం మునిగాయని?"

జరిగింది చెప్పింది. అయ్యో, ఇప్పుడెలా ఉంది అని అడిగాడు. ఆ వెంటనే, "సరే, డాక్టరు దగ్గర్నుంచి వచ్చేటప్పుడైనా బస్సులో రా" అన్నాడు.

ఆమె పాప తలను భుజం మీద సర్దుకుంది.

"మీ ఫోను బడిలో నర్సమ్మకిచ్చి వచ్చాను. నడిచెళ్ళి తెచ్చుకోండి."