వలల గది

దిండు గలీబు తిరగేస్తే ఎప్పుడూ ఒక పొడుగాటి వెంట్రుక దొరుకుతుంది, ఎవరు దిగినా సరే, ఆ మధ్య బట్టతల మేష్టారొకాయన ఒంటరిగా వచ్చి వెళ్ళాక కూడా దొరికింది, ఆయన వెంట తెచ్చుకున్నాడో ఇంట్లోనే మొలుస్తున్నాయో, పొద్దున ఖాళీ చేసిన వాళ్ళు మాత్రం శుభ్రం తెలిసిన మనుషులు, కప్పులు కడిగి బోర్లించి మరీ వెళ్ళారు, వాళ్ళు కడిగినవే నేను మళ్ళీ కడుగుతున్నాను, పరాయి చేతి కడుగుడు నాకు ఆనదు, మా అత్తగారు కూడా నేను కడిగినవి ఇలాగే మళ్ళీ కడిగేది, ఇదే కుళాయి దగ్గర నిలబడి, అప్పుడు నాకు ఒళ్ళు మండేది, ఇప్పుడు చెయ్యి దానంతటదే పోతోంది, కొత్తవాళ్ళు మధ్యాహ్నం బస్సుకి దిగుతారు, ఈలోగా పక్కలు మార్చాలి, స్నానాల గదిలో ఇసుక తుడవాలి, సముద్రం చూడ్డానికి వచ్చి సగం సముద్రాన్ని కాళ్ళకి అంటించుకుని తెస్తారు, ఉప్పు డబ్బా, పంచదార డబ్బా నింపాలి, అంతకు మించి మేం ఏమీ పెట్టం, పొయ్యీ గిన్నెలూ మావి, వండుకోవడం వాళ్ళ పని, అలాగైతే ఎవరొస్తారు, ఇంట్లో చేసే చాకిరీ డబ్బిచ్చి ఇక్కడ చేస్తారా అని మొదట్లో నేను నవ్వాను, వస్తున్నారు, మా వీధి వీధంతటికీ వస్తున్నారు, పాత రాతి గోడలట, పూర్వం ఓడలు ఆగిన రేవట, పొట్టి గుమ్మాలట, వంగకపోతే నెత్తి బొప్పి కడుతుంది, ఆ గుమ్మానికి ఫొటో తీసుకుంటారు, బొప్పికి కూడా తీసుకుంటారు.

మరి మేమెక్కడ అంటే పెరటి అవతల వలల గదిలో, సీజన్ మొదలవగానే నేనూ మా ఆయనా బట్టలు మూట కట్టుకుని అందులోకి మారిపోతాం, చలి ముదిరి జనం పలచబడ్డాక మళ్ళీ మా ఇంట్లోకి మేం చేరతాం, పడవ అమ్మేసిన దగ్గర్నుంచీ ఏటా ఇదే వరస, వలలు లేవు కానీ వాటి వాసన ఉంది, తారూ డీజిలూ కలిసిన వాసన, అగరొత్తులకి కూడా లొంగదు, ఒక్కటే కిటికీ, అదీ సందు మట్టానికి, మనుషుల మొహాలు కనబడవు, కాళ్ళు కనబడతాయి, చెప్పుల్ని బట్టి ఎవరో పోల్చుకోవడం వచ్చేసింది నాకు, నిన్న సాయంత్రం వచ్చిన నల్ల బూట్లు తాళాలాయనవి, అసలు బూట్ల దాకా అక్కర్లేదు, వీధిలో సగం ఇళ్ళ తాళాలు నడుముకి వేలాడేసుకుని తిరిగే ఏజెంటు, మనిషి కంటే ముందు గలగల వస్తుంది, చలికాలం కూడా జనం అడుగుతున్నారక్కా, ఇంక ఏడాది పొడుగునా ఇచ్చెయ్యండి, సామాన్లు అటూ ఇటూ మొయ్యడం మీకు మాత్రం ఎందుకు, ఈ గదిలోనే సర్దుకోండి, రేపు సాయంత్రం ఫోన్ చేస్తా, ఔనో కాదో ఒక్క మాట చెప్పండి, కాదంటే పక్కింటి వాళ్ళు కాచుకు కూర్చున్నారు, అన్నాడు, మా ఆయన ఏమన్నాడు, ఎప్పుడూ అనేదే అన్నాడు, మా ఆవిడ ఎలాగంటే అలాగే, ఎంత మర్యాద, బరువంతా నా నెత్తిన పెట్టి తను టీ తాగడానికి వెళ్ళాడు.

నా జవాబు నాకు తెలుసు, కాదనే చెబుతాను, రాత్రే అనుకున్నాను, పొద్దుట్నుంచీ పక్కలు దులుపుతూ మాటలు పోగేసుకుంటున్నాను, ఏమయ్యా తాళాలాయనా, నేను కాపురానికొచ్చిన ఇల్లయ్యా ఇది, ఇదొకటి, మా అత్తగారు పోయేముందు బీరువా తాళం నా చేతిలో పెట్టి గుప్పిట మూసింది, ఇది రెండు, మా అమ్మాయి ఫోన్లో ఒకటే గోల, అమ్మా, ఇల్లు వదిలావంటే మళ్ళీ నీ చేతికి రాదు, రేపు నేను పుట్టింటికొస్తే వలల మధ్య పడుకోమంటావా, అంది, వలలు లేవే తల్లీ అన్నాను, అది కాదమ్మా అంది, నిజమే, అది కాదు, ఇక్కడే నా కుర్చీలో కూర్చుని అమ్మాయికి జడలు వేశాను, ఇప్పుడున్న ఈ కుర్చీ నాది కాదు, తాళాలాయన తెచ్చి పడేసింది, నా కుర్చీ పాతబడిందని తీసేసి, పాతగా కనబడాలని రంగు గీకేసిన కొత్తది తెచ్చాడు, హాల్లో నా పెళ్ళినాటి ఫొటో మాత్రం ఉంచమన్నాడు, పాత ఫొటో ఉంటే ఇంటికి అందమట, కిందటి నెల దిగినావిడ దాని ముందు నిలబడి ఎవరండీ ఈవిడ, ఎంత బాగుందో, ఇప్పుడెక్కడుంది అనడిగింది, నా మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది, పోయిందండీ అన్నాను, నోట్లోంచి అలా వచ్చేసింది, అయ్యో పాపం అంది ఆవిడ, గ్యాస్ లైటర్ ఎలా నొక్కాలో చూపించి వచ్చేశాను, బాధేమీ వెయ్యలేదు, అదే వింత, పెరట్లోకొచ్చాక నవ్వొచ్చింది, మా ఆయనకి చెబితే మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు, నా పెళ్ళాం పోతే నాకు చెప్పొద్దటే అన్నాడు.

ఉతికిన దుప్పట్లు చేతుల నిండా పెట్టుకుని మేడ మీదికెక్కాను, పై గది తలుపు దగ్గరికేసి ఉంది, ఆగాను, వేలి కణుపులతో రెండుసార్లు తట్టాను, ఎవరూ లేరని నాకు తెలుసు, పొద్దున నేనే సాగనంపాను, అయినా తట్టాను, లోపల్నుంచి తలుపు తీసే ఉందండీ, రండమ్మా, రండి అని ఒక గొంతు, తేనె పూసినట్టు, పర్లేదండీ, దుప్పట్లు ఇద్దామని, అన్నాను నేను, నాదీ అద్దెవాళ్ళ దగ్గర వాడే గొంతే, మాట సగంలో ఉండగానే ఆ గొంతు ఎవరిదో తెలిసింది, తలుపు నెట్టేసరికి మా ఆయన కిటికీ గొళ్ళెం బిగిస్తూ గుప్పెట్లో స్క్రూలు పట్టుకుని నా వంక చూస్తున్నాడు, మీరా అన్నాను, నువ్వా అన్నాడు, మన గదికి మనమే తలుపు తట్టుకుని అండీ అండీ అనుకున్నాం, లోకంలో ఎవరైనా చేస్తారా ఈ పని, ఆయనకి నవ్వొచ్చింది, నాకు ఈసారి రాలేదు, స్క్రూలు కిటికీ గట్టు మీద పెట్టి, నీ మొహం చూస్తే తెలుస్తోంది, నీ ఇంటికి నువ్వు తట్టుకోవాల్సి రావడం ఏంటి, వాడికి కాదని చెప్పేస్తాలే, చలికి మనం మన ఇంట్లోకొచ్చేద్దాం అన్నాడు, నేను ఒక్క మాట కూడా వాదించకుండానే గెలిచాను, పోగేసుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి, సరే అన్నాను, దుప్పటి రెండో కొస పట్టుకోండి అన్నాను, పట్టుకున్నాడు, ముడతలు లేకుండా పరిచాం, గెలిచినదానికి సంతోషం రావాలి కదా అని కాసేపు చూశాను, రాలేదు, పనిలో పడి ఆలస్యమవుతోందేమో అనుకున్నాను.

కొత్తవాళ్ళొచ్చారు, నలుగురు, తండ్రి వచ్చీరాగానే గుమ్మానికి నెత్తి కొట్టుకున్నాడు, పిల్లలు నవ్వారు, తాళం ఇచ్చి, వేడినీళ్ళ మీట చూపించి, సాయంత్రానికి వలల గదిలోకొచ్చి కూర్చున్నాను, మా ఆయన ఎదురు మంచం మీద కాలి గోళ్ళు తీసుకుంటున్నాడు, రెండు మంచాల మధ్యా ఒక మనిషి పట్టే జాగా, ఒకళ్ళు లేవాలంటే రెండోవాళ్ళు మోకాళ్ళు ముడుచుకోవాలి, ఫోన్ ఆయన పక్కన దుప్పటి మీద ఉంది, ఇంకా మోగలేదు, సరే, కాదని చెబుతాం, ఇంట్లో మళ్ళీ ఎప్పట్లాగే ఉంటాం, ఎప్పట్లాగే అంటే ఎలాగ, ఒక్క రోజు గుర్తు తెచ్చుకుందామని చూశాను, ఆ ఇంట్లో మేమిద్దరం ఉన్న రోజు, అమ్మాయి పుట్టిన రోజు, ఆయన సముద్రం మీద, అత్తగారు తాళం ఇచ్చిన రోజు, సముద్రం మీదే, కప్పు కారిన రోజూ, పాపకి జ్వరమొచ్చిన రోజూ నేనూ అత్తగారూ, ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో నిద్ర, లేస్తే మళ్ళీ పడవ, పోనీ పడవ అమ్మేశాక, కిందటి చలికాలం, ఆయన మేడ మీద రేడియోతో, నేను కింద టీవీతో, మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పులని భోజనానికి రమ్మని కింద నుంచి పైకి ఫోన్ చేసేదాన్ని, ఆ వస్తున్నా అనేవాడు, ఆ చలికాలమంతా మా మధ్య నడిచిన సంభాషణ అది, దెబ్బలాడుకున్నామా అంటే లేదు, అంత తీరికగా దగ్గర ఎప్పుడున్నాం.

కానీ ఈ గదిలో, ఆ మూల కుంపటి దగ్గర, పడవ ఎక్కేముందు ప్రతిసారీ కడుపులో తిప్పి రేవు గోడ చాటుకెళ్ళి కక్కుకునేవాణ్ణని ఆయన నాకు చెప్పింది ఇక్కడే, ఇన్నేళ్ళూనా అన్నాను, చివరి రోజు దాకా అన్నాడు, నీళ్ళంటే భయమే నాకు, మా నాన్నకి చెప్పలేక ఎక్కాను, నీకు చెప్పలేక దిగలేదు అన్నాడు, అన్నాళ్ళూ నేను ఆయన్ని మాటల పిసినారి అనుకున్నాను, అదే ఊపులో నేనూ చెప్పేశాను, మీరు వెళ్ళిన రోజుల్లో నేను కిటికీ దగ్గర కాపలా కాశాననుకుంటున్నారేమో, హాయిగా తిని పడుకునేదాన్ని, అన్నాను, ఆయన అంత నవ్వు నవ్వాడు, పైన సందులో పోయే కాళ్ళు కూడా ఆగాయి, ఎక్కడికీ పోయే వీలు లేక, తలుపేసుకోవడానికి రెండో గది లేక మాట్లాడుకున్నాం, ఇరుకు, వాసన, కాళ్ళు తప్ప కనబడని కిటికీ, అన్నీ నిజమే, అమ్మాయి కోప్పడుతుంది, పడనీ, దానికి ఇంకో మంచం వేద్దాం, నేను ముడుచుకుంటాను, ఫోన్ మోగింది, ఆయన చెయ్యి తుడుచుకుని అందుకోబోతూ, కాదని చెప్పేస్తున్నా అన్నాడు, ఉండండి అన్నాను, ఇటివ్వండి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఏమన్నా అనుమానమా అన్నాడు, ఏమీ లేదు, ఇన్నేళ్ళకి ఈయనతో కాపురం మొదలైంది ఈ గదిలోనే, నాకిప్పుడే తెలిసింది, ఔననే చెబుతాను.