కురచ తుపాకి బేరం

నాకు అనుమానం ఎక్కువని ఊరంతా అంటుంది. అననీ. మారిబ్ నుంచి అతఖ్ దాకా ఎడారి దారిన డీజిల్ పీపాలు తోలేవాడికి ఆ మాత్రం అనుమానం లేకపోతే ఆర్నెల్లు కూడా బతకడు. పీపాలో పోసిన డీజిల్‌ని వేలికి రాసుకుని వాసన చూస్తాను. దారిలో సలాం చెప్పినవాడి ముఖం చూడను, చేతులు చూస్తాను. మా ఆవిడ ఘాలియా అయితే, "పెళ్ళినాడు ముసుగు తీసి ముందు నా పళ్ళు లెక్కపెట్టాడమ్మా ఈ మనిషి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అది అబద్ధం. రెండు పళ్ళే చూశాను.

అలాంటి నేను ఏనాడూ అనుమానించని మనిషి ఒక్కడున్నాడు. షేక్ దర్హమ్. మా రెండు తెగలకీ మధ్యవర్తి.

నాలుగు నెలల కిందట మా తమ్ముడు జుబ్రాన్ బావి దగ్గర నీళ్ళ వంతు కోసం గొడవపడి ఎదుటి తెగ ఖుర్సాన్ వాళ్ళ కుర్రాణ్ణి కాల్చాడు. మూడోరోజు ఆ కుర్రాడు పోయాడు. వాళ్ళ పెద్ద నిమ్రాన్, పోయినవాడి పెదనాన్న, రక్తానికి రక్తం అంటూ మా గుమ్మం మీదికి రావలసిందే. కానీ షేక్ దర్హమ్ అడ్డుపడి, తీర్పు నేను చెబుతానన్నాడు. ఇరువైపులవాళ్ళూ ఒప్పుకుని ఒక్కో పక్షం నాలుగేసి తుపాకులు ఆయన ఇంట్లో హామీ పెట్టాం. దారిలో ఎదురుపడకూడదని మేమొక రోజు, వాళ్ళొక రోజు వెళ్ళి ఇచ్చాం. తీర్పు వచ్చేదాకా ఆ ఎనిమిదీ ఆయన కప్పు కిందే ఉండాలి. అవి అక్కడున్నంతకాలం జుబ్రాన్ జోలికి ఎవరూ రారు. వాడు మాత్రం ఆనాటి నుంచి మా ప్రహరీ దాటి కాలు బయట పెట్టలేదు.

హామీ పెట్టిన నాలుగింట్లో నా కలాష్నికోవ్ ఒకటి. చేతిలో తుపాకి లేకుండా ఆ దారిన బండి తోలడమంటే పీపాలు పట్టుకెళ్ళండని దొంగలకి కబురు పెట్టడమే. అందుకే తుపాకులమ్మే ముస్ఫిర్ కొట్టుకి వెళ్ళాను.

ముస్ఫిర్ నన్ను చూడగానే టీ తెప్పించాడు. అక్కడే నాకు మొదటి అనుమానం. వాడు బేరం కుదిరాక కూడా టీ ఇప్పించే రకం కాదు.

"నీకు తగ్గ సరుకొచ్చింది మబ్ఖూత్ అన్నా. వేరేవాళ్ళకి చూపించను కూడా లేదు" అంటూ మూలనున్న బియ్యం బస్తాల వెనక నుంచి దుప్పటి చుట్టొకటి తీశాడు. ఎదురుగా గోడ నిండా తుపాకులు వేలాడుతుంటే ఇది మాత్రం బస్తాల చాటున ఎందుకుంది? రెండో అనుమానం.

విప్పాడు. ఆకుపచ్చ ప్లాస్టిక్ ఒళ్ళు, మూరన్నర పొడవు. మ్యాగజైన్ పిడికి ముందు కాకుండా వెనక, చంక కిందికొచ్చేలా ఉంది.

"ఇదేంట్రా, పిల్లల నీళ్ళ తుపాకిలా ఉంది?"

"నవ్వన్నా, నవ్వు. గొట్టం చూడు, నీ కలాష్నికోవ్ కంటే పొడుగు. యంత్రమంతా వెనక్కి జరిపారు, అందుకే మొత్తం కురచగా ఉంది. నీ బండిలో కూర్చుని ఇటు తిప్పు, అటు తిప్పు, గేరుకి తగలదు, తలుపుకి తగలదు. బరువంతా భుజం దగ్గరే ఉంటుంది కాబట్టి ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఇది."

ఆ మాట మాత్రం నిజం. నా పాతది బండిలో అడ్డంగా ఇరుక్కునేది. ఒకసారి దాన్ని బయటికి లాగేలోపు దొంగలే విసుగెత్తి వెళ్ళిపోయారు. ఇది ఒళ్ళో పెట్టుకుంటే పిల్లిలా పడుకుంటుంది. మ్యాగజైన్ గాజులాంటి ప్లాస్టిక్, ఎన్ని గుళ్ళున్నాయో పైకే కనిపిస్తాయి. లెక్క చూసుకునే నాలాంటివాడికి అది పెద్ద ఊరట.

"మరి గుళ్ళ సంగతి?" అన్నాను.

ముస్ఫిర్ గడ్డం గోక్కున్నాడు. "గుళ్ళు వేరేవి. దొరుకుతాయిలే."

"కలాష్నికోవ్ గుళ్ళు ఉల్లిపాయలమ్మే కొట్లో కూడా దొరుకుతాయి. ఇవెక్కడ దొరుకుతాయి?"

"నా దగ్గర."

"అంటే దీన్ని కొంటే నిన్ను కూడా కొన్నట్టే. చెడిపోతే బాగుచేసేవాడు?"

"చెడిపోదు."

"ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"సరిహద్దు నుంచి" అన్నాడు, టీ గ్లాసులోకి చూస్తూ. ధర చెప్పాడు. సగానికి సగం తక్కువ. "నీకు నమ్మకం లేకపోతే మూడు రోజులు ఉంచుకుని చూడు. నచ్చితేనే డబ్బులు."

ముస్ఫిర్ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. లేచి వచ్చేద్దామనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున్నే అతఖ్‌కి సరుకు దించాలి. దుప్పటి చంకన పెట్టుకుని బయటపడ్డాను. నా బతుకులో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అదొకటి.

అతఖ్‌కి వెళ్ళి వచ్చాను. దారి పొడుగునా అది బండి ముందు అద్దం దగ్గర అందరికీ కనిపించేలా ఉంది. ఎవరూ బండి ఆపలేదు. ఇంటికొచ్చాక ఘాలియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మా పెద్దాడి పేరుతోనే నన్ను పిలుస్తుంది తను.

"ముర్షిద్ నాన్నా, దీన్ని పట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్తావా? పైపు తీసుకొచ్చాడు, పొలానికి నీళ్ళు పెడతాడేమో అనుకుంటారు."

"పెళ్ళికి కాదే, బండికి."

"అయితే ఇంకా దేనికి ఆలోచిస్తున్నావు? తీసుకో."

"అంత తక్కువకి ఎందుకిస్తున్నాడో తెలియాలిగా."

"నీకు ఎక్కువ చెబితే మోసమంటావు, తక్కువ చెబితే దొంగసరుకంటావు. ఎంత చెప్పాలో నువ్వే ఒక కాగితం మీద రాసి వాడికి ఇవ్వరాదూ?"

తుపాకి తీసుకుని ఊరవతల వాగులోకి వెళ్ళాను. ఇసుక దిబ్బకి గురిపెట్టి కాల్చాను. అప్పటిదాకా తట్టని సంగతి అప్పుడు తెలిసొచ్చింది. నాది ఎడమచేతి వాటం. తూటా పేలాక ఖాళీ తొడుగు ఈ తుపాకిలో కుడివైపు, సరిగ్గా చెంప దగ్గర నుంచి బయటికి ఎగురుతుంది. కుడిచేతివాడికి అది గాల్లోకి పోతుంది. నాకు కాలుతున్న ఇత్తడి సూటిగా బుగ్గ మీద పడింది. చుర్రుమంది. తుపాకి ఇసుకలో పారేసి గంతులేశాను. చుట్టుపక్కల మేకలు తప్ప ఎవరూ లేకపోవడం నా అదృష్టం.

బేరం అక్కడే తేలిపోయింది. ఎంత కురచదైతేనేం, నా చెంప నేనే కాల్చుకునే తుపాకి నాకెందుకు? తిరిగి ఇచ్చేసేముందు ఇసుక తుడుద్దామని వెనక మూత విప్పాను. శుభ్రం చేసే సామాను పెట్టే గూడు అది. సామాను లేదు. మడిచిన కాగితం ఒకటి ఉంది.

"ఖుర్సాన్ వాళ్ళ హామీ. నాలుగోది. నిమ్రాన్‌ది." కింద వేలిముద్ర.

కాగితాన్ని వెలుగులో పట్టి మళ్ళీ చదివాను. మధ్యవర్తి ఇంట్లో ఉండాల్సిన తుపాకి. అదీ ఎదుటి పక్షంవాళ్ళది. దాన్ని అద్దం దగ్గర పెట్టుకుని నేను అతఖ్ దాకా ఊరేగాను. ఖుర్సాన్ వాళ్ళలో ఒక్కడు గుర్తుపట్టి ఉంటే? షేక్ మన హామీ తీసి మబ్ఖూత్‌కి ఇచ్చేశాడు, వాళ్ళ పక్షాన చేరిపోయాడు అనుకుంటారు. ఇక తీర్పు లేదు, ఒప్పందం లేదు. సరాసరి మా ఇంటికొస్తారు, జుబ్రాన్ కోసం.

ఏం చేయాలి? ముస్ఫిర్‌కి తిరిగి ఇస్తే ఇంకొకడికి అమ్ముతాడు, రేపు వాడి చేతిలో నిమ్రాన్ చూస్తాడు. బావిలో పడేద్దామంటే ఇప్పటికే ఎంతమంది కళ్ళపడిందో. షేక్ దగ్గరికి తీసుకెళ్దామన్నా, అమ్మింది ఆయనో, ఆయన ఇంట్లోవాళ్ళో నాకేం తెలుసు? ఆయన్ని ఎన్నడూ అనుమానించలేదన్నానే, అదంతా ఆ ఒక్క కాగితంతో ఇసుకలో కలిసింది.

ఘాలియాకి చూపించాను. ఈసారి ఎగతాళి చేయలేదు.

"నిమ్రాన్‌కే ఇచ్చెయ్" అంది.

"నేను నోరు తెరిచేలోపే కాలుస్తారే."

"నువ్వు దాచావని తెలిస్తే జుబ్రాన్‌ని కాలుస్తారు. నువ్వు తీసుకెళ్తే, కాల్చే ముందు కనీసం ఒకసారి ఆగుతారు. వెళ్ళు ముర్షిద్ నాన్నా."

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, తగువుకి రాలేదని తెలిసేలా తలగుడ్డ విప్పి మెడలో వేసుకున్నాను. మ్యాగజైన్ తీసి విడిగా పెట్టాను. తుపాకిని దుప్పటిలో చుట్టి రెండు చేతుల మీద పరుచుకుని, నడుముకి జంబియా బాకు తప్ప ఇంకే ఆయుధం లేకుండా ఖుర్సాన్ వాళ్ళ గుమ్మంలోకి నడిచాను. మత్తుకోసం ఖాత్ ఆకు నములుతూ కూర్చున్న అయిదారుగురు ఒక్కసారి లేచారు. తుపాకి మరలు లాగిన చప్పుడు వినిపించింది.

"ఆగండి" అన్నాడు నిమ్రాన్. సన్నటి ముసలివాడు, బుగ్గనిండా ఖాత్. "ఏంటది?"

"నీ సొమ్మే బాబాయ్. ముస్ఫిర్ కొట్టులో నాకు అమ్మచూపారు. కాగితం చూసి తెచ్చాను."

దుప్పటి విప్పి చూడగానే ఆయన ముఖం నల్లబడింది. "కొట్టులో దొరికిందా? షేక్ మీకు బహుమతిగా ఇచ్చాడని చెప్పొచ్చుగా. ఇవాళ దొంగవేషం వేసుకొచ్చి మా గుమ్మంలో సత్యవంతుడివయ్యావా?"

నేను చెప్పిందంతా నిజమే. కానీ ఆ మాటలే ఇంకొకడు నా దగ్గర చెప్పి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. చచ్చినా నమ్మేవాణ్ణి కాదు. ఊళ్ళోవాళ్ళని నేనిన్నాళ్ళూ ఎలా చూశానో ఆయన నన్ను అలాగే చూస్తున్నాడు. 

ఆయన దగ్గరికొచ్చి నా బుగ్గ వంక చూశాడు. "అదేంటి, కాలింది?"

"ఇదే కాల్చింది బాబాయ్. నాది ఎడమచేతి వాటం."

ముసలాయన ఒక్క క్షణం నన్నూ తుపాకినీ మార్చి మార్చి చూసి, ఖాత్ ఉమ్మేసి పడీపడీ నవ్వాడు. "ఒరే, కూర్చోండిరా. వీడు అబద్ధమాడట్లేదు. లంచమిచ్చేవాడు పుచ్చుకునేవాడి చేతికి పనికొచ్చే తుపాకి ఇస్తాడు గానీ, మూతి కాల్చేది ఇస్తాడా? కొట్టులో మోసపోయినవాడికే ఇలాంటి ముద్ర పడుతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. అంతలో ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఆ కాగితం నేనే పెట్టాను. నాకెవరి మీదా నమ్మకం లేదు, షేక్ మీద కూడా. అయినా అమ్ముతాడనుకోలేదు. ఆయన అమ్మాడో, ఇంట్లోవాళ్ళు అమ్మారో తర్వాత తేలుస్తాను. ఆ కప్పు కింద నుంచి బయటికొచ్చిందంటే ఆ పంచాయితీ చచ్చినట్టే. తెలుసుగా? నీ తమ్ముడికీ నాకూ మధ్య ఇప్పుడు అడ్డమేమీ లేదు."

 వాణ్ణి కాపాడుకోవడానికని వచ్చి, వాడి చుట్టూ ఉన్న ఒక్క గోడనీ నా చేతులతోనే పడగొట్టాను. "బాబాయ్" అన్నాను. 

 వెనకనున్న కుర్రాళ్ళు నిమ్రాన్ కళ్ళలోకే చూస్తున్నారు, చిన్న సైగ కోసం. ఆఖరికి ఆయన తుపాకికి మళ్ళీ దుప్పటి చుట్టి నా చేతుల్లో పెట్టాడు.

"ఇంకో మధ్యవర్తి దొరికేదాకా నా హామీ నీ ఇంట్లోనే ఉంటుంది. నీకు అనుమానం ఎక్కువట కదా, మా దాకా వినబడింది. నీలాంటివాడే దీన్ని ఎవరికీ ఇవ్వడు. మరి నీ హామీ?"

నా కలాష్నికోవ్ షేక్ ఇంట్లో ఉందో, అమ్ముడైపోయిందో కూడా నాకు తెలియదు. నడుము నుంచి జంబియా విప్పి ఆయన ఒళ్ళో పెట్టాను. దాన్ని ఒర నుంచి బయటికి తీసి, వెలుగులో పట్టి చూసి, మళ్ళీ ఒరలో పెట్టి పక్కన ఉంచుకున్నాడు. కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

ఇంటికొచ్చేసరికి జుబ్రాన్ ప్రహరీ లోపలి వైపు నిలబడి ఉన్నాడు. నాలుగు నెలల్లో సగమయ్యాడు వాడు. దుప్పటి చూసి, "చివరికి కొన్నావా అన్నా? మంచిదేనా?" అన్నాడు.

"కొనలేదురా" అన్నాను. "నిమ్రాన్ ఇచ్చాడు, నీ కోసం. దాన్ని ముట్టుకోకు."

వాడికి అర్థం కాలేదు. విడమరచి చెబుదామని నోరు తెరిస్తే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కొడుకులాంటివాణ్ణి పోగొట్టుకున్న మనిషి, చంపినవాడి అన్నకి తన తుపాకి ఇచ్చి పంపాడు. ఆయన నన్ను అంతగా నమ్మాడు.