బీకాజాన్‌తో మాటలెందుకు లేవు

ఈ మనిషితో తనకు మాటల్లేవు, అంతవరకు బాగా గుర్తుంది, ఎందుకు లేవన్నదే రావడం లేదు, అనుకుంది ఓగుల్జాన్, మంచం పక్కన యంత్రం తన రక్తాన్ని ఒక గొట్టంలోంచి లాక్కుని కడిగి ఇంకో గొట్టంలోంచి తిరిగి పంపుతుండగా, ఆస్పత్రి గది గుమ్మంలో ఖర్బూజా పండు చంకనెత్తుకుని నిలబడ్డ బీకాజాన్‌ను చూస్తూ, ముసలిదైపోయింది పాపం, పేరు వచ్చింది, ముఖం వచ్చింది, తగువు మాత్రం రాలేదు, పెద్దదే అయ్యుంటుంది, చిన్నదానికి ఇన్నేళ్ళు ఎవరు మూతి ముడుచుక్కూర్చుంటారు, కోడలు నజోకత్ లేచి కుర్చీ జరిపింది, రండి పిన్నీ, ఆ పండు మాత్రం అత్తయ్యకు పెట్టకండి, కిడ్నీలు పోయినవాళ్ళకు పడదు, దానికి బీకాజాన్, ఖర్బూజాలకు పేరుపడ్డ ఉర్గెంచ్‌లో పుట్టి ఖర్బూజా తినొద్దంటే ఎలాగే తల్లీ, సరే, నువ్వూ నేనూ తిందాం, మీ అత్త వాసన చూస్తుందిలే, అంది, నజోకత్ నవ్వుకుంటూ పండు కోసుకురావడానికి వెళ్ళింది.

ఆ గొంతు చెవిన పడగానే పత్తి లారీ కళ్ళ ముందుకు వచ్చేసింది, బస్తాల మీద తామిద్దరు, తన ఒళ్ళో అకార్డియన్, బీకాజాన్ కోటు లోపల డప్పు, ఖోన్ఖా ఊళ్ళో పెళ్ళి, ఆడవాళ్ళ గదిలో కాలు పెట్టే చోటు లేదు, తమలా పెళ్ళిళ్ళలో పాడే ఖల్ఫాలు వచ్చారంటే మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా లేచి ఆడేవాళ్ళు, తను పాటలో పెళ్ళికూతురి అమ్మమ్మ పేరు కూడా అప్పటికప్పుడు అల్లేసేది, ఒక్క చరణం తప్పితే ఒట్టు, అలాంటిది మొన్న పక్కింటి పెళ్ళిలో రెండో చరణం ఎటో వెళ్ళిపోయింది, వేళ్ళు వాయిస్తూనే ఉన్నాయి, నోరే ఆగిపోయింది, మొదటి చరణమే మళ్ళీ, మళ్ళీ, ఆడవాళ్ళు వేళాకోళమనుకుని నవ్వారు, నజోకత్ వచ్చి మెల్లగా అకార్డియన్ అందుకుంది, కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో చెడు పేరుకుని బుర్రకూ మసక పడుతుందమ్మా, యంత్రం కొంతే కడగగలదు, ఈ జబ్బు ముదిరినవాళ్ళలో చాలామందికి ఇంతే, మీ తప్పేం లేదు, అన్నాడు డాక్టరు.

తప్పు, అదిగో, తగువన్నాక ఎవరిదో ఒకరిది తప్పుండాలి, మొగుళ్ళ గొడవా, కాదు, వాళ్ళిద్దరూ ఒకే పడవలో చేపలు పట్టుకునేవాళ్ళు, పాట గొడవా, ఏమో, తవ్విన కొద్దీ తగువు దొరకదు, ఇంకేవో వస్తాయి, మంచులో ఒక్క జత బూట్లు వంతులేసుకుని తొడుక్కున్న దారి, అమూ దర్యా నది దాటుతుంటే బల్లకట్టు మీద పాడితే పడవవాడు తెడ్డు వేయడం మరిచిపోయిన మధ్యాహ్నం, తను కొడుకును కంటుంటే కేకలు వీధిలోకి వినపడకూడదని గుమ్మంలో కూర్చుని గొంతు చించుకుని పాడిన బీకాజాన్, ఇంత మనిషితో మాటలెలా పోయాయి, అడిగితే నవ్వుతుందేమో, పోనీ నవ్వనీ.

బీకాజాన్, మనం మాట్లాడుకోవడం ఎందుకు మానేశామే, ఎంత గింజుకున్నా నాకు గుర్తు రావడం లేదు, అంది ఓగుల్జాన్, బీకాజాన్ నవ్వలేదు, మోకాలి మీద తాళం వేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి, కళ్ళు ఒక్కసారి ఎర్రబడ్డాయి, తర్వాత గబగబా, నాకు మాత్రం గుర్తుందేమిటక్కా, ఏదో పనికిమాలినదే అయ్యుంటుంది, వదిలెయ్, నీ దుప్పటి జారిపోతోంది చూడు, అంటూ లేచి దుప్పటి పాదాల దాకా సర్దింది.

అబద్ధం, ఎవరి పెళ్ళిలో పెళ్ళికూతురు ఏ రంగు కట్టిందో, ఎవరింట పలావులో మాంసం తగ్గిందో నిన్న జరిగినట్టు చెప్పే బీకాజాన్‌కు ఇది గుర్తులేకపోవడమా, తనదే తప్పయితే ఆ మనిషి గుమ్మంలోనే ఏడ్చి కాళ్ళు పట్టుకునేది, కడుపులో దాచుకోలేదు, అంటే తప్పు చేసింది నేనే, గట్టిగానే చేసి ఉంటాను, ఏం చేశానో ఇక ఎప్పటికీ నాకు రాకపోవచ్చు, రాకుండానే పోనీ అని బీకాజాన్ అనుకుంది, అంతా గుర్తుండే నన్ను క్షమించింది.