కలిపిన చెయ్యి

"అనూషా, ఈసారి ఆవకాయ నువ్వే కలుపమ్మా" అన్నది నాగేశ్వరమ్మ.

చిన్నరసాల మామిడి ముక్కలు తుడుస్తున్న అనూష చెయ్యి ఆగిపోయింది. అత్తగారి నోట 'అమ్మా' అన్న పిలుపు ఆమె అంతవరకు వినలేదు. ఈ ఇంటివారి చాట్రాయి మామిడితోటలో కాయలు కోసే ఆంజనేయులు కూతురు అనూష, ఈ ఇంటబ్బాయిని ప్రేమించి పెళ్ళాడి కోడలైంది. ఏటా ఆమె పాలికి వచ్చేది కాయలు కడగడం, ముక్కలు కొట్టడం, జీడి తీయడం. కారం, ఆవపిండి బేసిన్‌లో పడే వేళకు ఏదో పని చెప్పి పెరట్లోకి తోలేవారు. "నీది వేడి చెయ్యి, పచ్చడి బూజు పడుద్ది" అనేది తోడికోడలు సుప్రజ. ఆ వేడి ఈ ఏడు ఎట్లా చల్లారింది?

అనుమానిస్తూనే కలిపింది. కానీ మోచేతుల దాకా నూనె, కారం అంటుకునేసరికి సంతోషం పొంగుకొచ్చింది. ఒక్క పిలుపుకోసం ఇంతగా కాచుక్కూర్చున్నానా అని తన మీద తనకే రోత పుట్టింది. రోత పుట్టినా సంతోషం తగ్గలేదు.

పచ్చడి జాడీకెత్తాక బేసిన్‌లో మిగిలిన కారంలో వేడన్నం వేసి, కలిపిన చేత్తోనే ఇంటిల్లిపాదికీ ముద్దలు పెట్టడం ఆనవాయితీ. మొదటి ముద్ద అత్తగారికి చాచింది.

"నాకు గ్యాసు. కారం పడదు."

"నాకివాళ ఒక్కపొద్దు" అన్నది సుప్రజ. ఆమె పొద్దున తిన్న పెసరట్ల ప్లేటు కడిగింది అనూషే.

"ఆ జాడీ లోపల పెట్టమాక" అన్నది నాగేశ్వరమ్మ. "తోటలో కూలోళ్ళకి. మనది రేపు కలుపుకుందాం."

"మీ అమ్మా నాన్నా కూడా తింటారుగా. వాళ్ళకి నీ చెయ్యి పడుద్దిలే!" నవ్వింది సుప్రజ.

అనూషకు కోపం రాలేదు. అనుమానం నిజమైనప్పుడు కలిగే నెమ్మది ఏదో కలిగింది. ముద్ద పట్టుకుని వసారాలో ఫోను చూసుకుంటున్న భర్త దగ్గరకు నడిచింది. తలుపు వేసిన గదిలో ఆమె కంచంలోనే చెయ్యి పెట్టి తినే మనిషి ఉదయ్ కిరణ్.

"నోరు తెరవండి."

"ఏంటి అనూ, అందరి ముందూ..." అతని చూపు ఆమెను దాటి తల్లి ముఖం మీద వాలింది. "అక్కడ పెట్టు, తర్వాత తింటాలే."

ఇన్నేళ్ళూ ఆమె అనుమానం వంటింటి గుమ్మం దగ్గరే కాపలా కాసింది. కాయవలసిన చోటు ఇదని ఇప్పుడు తెలిసింది.

ఆ ముద్ద అక్కడే నిలబడి తానే తిన్నది. జాడీ మూతికి గుడ్డ కట్టి చంకకెత్తుకున్నది.

"ఎక్కడికి? ఎప్పుడొస్తావ్?" అన్నాడతను, లేచి నిలబడుతూ.

"తోటకండీ. మీరక్కడికొచ్చి, అందరి ముందూ ఈ చేతి ముద్ద తిన్న రోజున వస్తాను."