ఉప్పు మీద మంచుబండి

అల్ హైల్‌లో లారీలు బాగుచేసే గ్యారేజీ వెనక, రేకుల నీడలో, లచ్చన్నవి నాలుగు బండ్లు ఉండేవి. ముందు చక్రాలు ఉండాల్సిన చోట పడవ అడుగుల్లాంటి రెండు పొడుగాటి పట్టీలు, వెనక చక్రానికి బదులు వెడల్పాటి రబ్బరు బెల్టు. సీటూ హ్యాండిలూ మాత్రం మోటారుసైకిలుకు ఉన్నట్టే ఉండేవి. కొత్తగా చేరిన పనివాళ్లు అవేమిటని అడిగేవారు. మంచు మీద నడిచే స్నో స్కూటర్లని చెబితే, ఒమాన్‌లో మంచెక్కడిదని నవ్వేవారు. లచ్చన్నకు కోపం వచ్చేది కాదు. శుక్రవారం పొద్దున్నే వాటి మీది టార్పాలిన్ తీసి, ఒక్కొక్క ఇంజన్నూ రెండేసి నిమిషాలు నడిపి, మళ్లీ కప్పేవాడు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. పందొమ్మిదో ఏట మిలటరీలో మెకానిక్‌గా చేరాడు. ఆరేళ్లకు కాశ్మీరు పైన మంచుకొండల్లోని ఒక క్యాంపుకు పంపారు. అప్పటివరకూ అతను చూసిన మంచు, సోడా కొట్టులో పొట్టు కప్పి ఉంచే గడ్డ ఒక్కటే. మొదటి రోజు పొద్దున గుడారం తెర తీసి బయటికి చూస్తే కంటికి ఆనేది ఏదీ లేదు. నేలకూ ఆకాశానికీ మధ్య గీత కూడా లేదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, దూరంగా తుమ్మెద ఎగిరినట్టు సన్నని చప్పుడు మొదలైంది. ఆ తెల్లదనంలో ఒక చుక్క కనిపించింది. చుక్క మనిషైంది. మనిషి నాలుగడుగులు వేస్తే నడుందాకా దిగబడిపోయే ఆ మంచు మీద, ఒక సిపాయి బండి నడుపుకుంటూ వచ్చాడు. వెనక కట్టిన చెక్కబల్ల మీద జ్వరంతో ఒళ్లెరగని మరో సిపాయి ఉన్నాడు.

రెండు చలికాలాలు లచ్చన్న ఆ బండ్లకే మరమ్మతు చేశాడు. వెళ్లిపోయే ముందు రోజు అధికారి పిలిచి, నువ్వు బాగుచేసిన బండి నువ్వొకసారి నడిపి చూసుకో అన్నాడు. పది నిమిషాలు నడిపాడు. ఆ తర్వాత పెళ్లి అయింది, పిల్లలు పుట్టారు, మిలటరీ నుంచి రిటైరయ్యాడు, ఒమాన్ వచ్చాడు. ఆ పది నిమిషాలు మాత్రం ఒంట్లోంచి పోలేదు.

ఎడారిలో సరదా సవారీల కోసం ఎవరో తెప్పించి, ఇసకలో ఇంజన్ పట్టేసి, తుక్కుసామాన్ల మధ్య పారేసిన బండి అతనికి మొదట దొరికింది. తర్వాత వేలంలో వచ్చిన పాత కార్ల కంటైనర్లో, ఎవరికీ అక్కర్లేక మిగిలిన రెండు వచ్చాయి. ఇక నాలుగోది సూర్‌లో పనిచేసి వెళ్లిపోతున్న ఒక చలిదేశపు ఇంజనీరుది. పసుపురంగు పాత బండి. దాన్ని వదిలి ఉండలేక ఆయన ఇంతదూరం వెంట తెచ్చుకున్నాడట. లచ్చన్న ఆ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని బెల్టును చేత్తో తడుముతుంటే చూసి, ఇంకెవరికీ ఇవ్వనని తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. గ్యారేజీ అర్బాబ్, అంటే యజమాని, మంచివాడు. చోటుంది, పెట్టుకో అన్నాడు.

ఇసక మీద నడపాలని లచ్చన్న చాలాసార్లు చూశాడు. ఆ బండ్లకు మంచే నూనె, మంచే నీళ్లు. బెల్టు కింది ప్లాస్టిక్ పట్టీలు మంచు తడి లేకపోతే రాపిడికి కరిగిపోతాయి. పసుపు బండికి ఫ్యానుతో చల్లబడే ఇంజన్ కాబట్టి దాన్నే ఎంచుకుని, బెల్టు కింద గోడౌన్ ట్రాలీల చక్రాలు అదనంగా బిగించాడు. అయినా ఏడు నిమిషాలకు మించి నడవలేదు. పక్కనే పనిచేసే నసీరుద్దీన్‌ది ప్రొద్దుటూరు. పదకొండేళ్లుగా ఇద్దరిదీ ఒకే రూమ్. ఈ పిచ్చి ఎందుకన్నా అని అతను విసుక్కునేవాడు, విసుక్కుంటూనే స్పానర్లు అందించేవాడు.

2014 చివర్లో దక్షిణాన మహూత్ దాటాక చేపల లారీ ఒకటి ఆగిపోయిందని ఇద్దరినీ పంపారు. లారీ బాగుచేసి తిరిగి వస్తుంటే రోడ్డుకు ఎడమవైపు నేల తెల్లబడడం మొదలైంది. ఇంకొంత దూరం పోయాక అటువైపంతా తెలుపే. సముద్రం పోటెత్తినప్పుడు లోపలికి వచ్చిన నీళ్లు ఎండి, పేరుకున్న ఉప్పు అది. లచ్చన్న బండి ఆపమన్నాడు. దిగి పది అడుగులు లోపలికి వెళ్లాడు. మడమతో తొక్కితే పైపొర పగిలి కింద తడి బురద కనిపించింది. నసీరుద్దీన్ రెండుసార్లు హారన్ కొట్టినా వెనక్కి తిరగలేదు. చివరికి వచ్చి సీట్లో కూర్చుని, “అది తడిగ ఉన్నది నసీరూ” అని మాత్రం అన్నాడు.

జనవరిలో ప్రవక్త పుట్టినరోజు మీలాద్ సెలవు వచ్చింది. నసీరుద్దీన్ తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి రాగానే పసుపు బండిని పికప్‌లోకి ఎక్కించి, తాళ్లతో కట్టి బయల్దేరారు. మిట్టమధ్యాహ్నానికి ఉప్పునేల దగ్గరికి చేరారు. అంతకు రెండు రోజుల ముందే అక్కడ వాన పడింది.

రోడ్డు అంచున ఒక జాలరి నిలబడి ఉన్నాడు. తెల్లని పొడుగాటి దిష్‌దాషా అంగీకి మోకాళ్లదాకా బురద. పేరు హమూద్. పడవల మీద మనవాళ్లతో పనిచేయడం వల్ల హిందీ వచ్చు. తీరంలోని గుడిసెల నుంచి తల్లిని తీసుకుని అడ్డదారిన వస్తుంటే, రోజూ తిరిగే దారే వానకు మెత్తబడి, పికప్ ఇరుసులదాకా దిగిపోయిందట. పిలిస్తే వచ్చిన బంధువు బండి కూడా సగం దారిలో కూరుకుపోయి, అతను నడిచి వెనక్కి పోయాడట. తల్లికి మోకాళ్లు పనిచేయవు, షుగర్ కూడా ఉంది, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆమెను తన పికప్‌లోనే కూర్చోబెట్టి తను రెండు గంటలు నడిచి వచ్చాడు. ఇంకే బండి పిలవాలన్నా భయంగా ఉందని చెప్పాడు.

అతను మాట ముగించేసరికే లచ్చన్న తాళ్లు విప్పుతున్నాడు. నసీరుద్దీన్ చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, ఇసకలో ఏడు నిముసాలు గూడా నడ్చల్యా ఇది. నడిమద్దెలో నిల్చిపోతే ఏం జేస్తావు?”

“నిల్చిపోతె నేను నడుసుకుంట వస్త. ఆ ముసలవ్వ నడువలేదు గద.”

పలకలు వేసి బండిని దించారు. నీళ్ల సీసాలు, ఖర్జూరాల పొట్లం సీటు వెనక కట్టారు. తాడు లాగితే ఇంజన్ రెండో లాగుకు అందుకుంది. లచ్చన్న ఒక్కడే హమూద్ అడుగుజాడల వెంట బయల్దేరాడు.

మొదటి వంద గజాలు పొడి ఉప్పు. పెళ్లలు పటపట విరిగాయి, బెల్టు కింద ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. ఇదీ ఇంతేనా అనుకుంటుండగా రంగు మారింది. తడి మెరిసింది. బెల్టు ఆ తడి ఉప్పును తోడి పట్టీల మీదికి చిమ్మింది. వాసన పోయింది. చేతుల్లో హ్యాండిలు తేలికైంది. ముందు పట్టీలు గీసుకుపోవడం మాని జారడం మొదలుపెట్టాయి. ఈ జారుడు లచ్చన్న ఒంటికి తెలుసు. ఇరవయ్యైదేళ్ల తర్వాత కూడా మోకాళ్లకూ నడుముకూ గుర్తుంది.

చుట్టూ ఎటు చూసినా తెలుపు. ఎదర గాలి నీళ్లలా అలలు పోతోంది. నేల ఎక్కడ ముగిసిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరాన గులాబిరంగు గీత ఒకటి గాలిలో వేలాడుతున్నట్టు కనిపించింది. దగ్గరయ్యే కొద్దీ అది కదిలింది, చీలింది, వందల రాజహంసలై ఒక్కసారిగా పైకి లేచింది. వాటి నీడలు ఉప్పు మీద నుంచీ, బండి మీద నుంచీ, అతని చేతుల మీద నుంచీ దాటిపోయాయి. బతికున్నందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియక లచ్చన్న తల వంచి ముందుకు పోయాడు.

హమూద్ తల్లి పేరు షమ్సా. ఒరిగిన పికప్‌లో తలుపు తీసుకుని కూర్చుని ఉంది. ముఖాన ఎడారి బెదూ తెగల ఆడవాళ్లు పెట్టుకునే నల్లని ముసుగు, దాని వెనక చురుకైన కళ్లు. నీళ్లు తాగింది. ఖర్జూరం తిన్నది. ఆ తర్వాత బండిని ముందు నుంచి వెనకదాకా తీరిగ్గా చూసింది. అంత బరువు మోస్తూ పైపొర మీదే నిలబడ్డ బెల్టును వేలితో నొక్కి చూసి, మాషాల్లా అంది. లచ్చన్న వచ్చీరాని అరబ్బీలో ఎక్కమని చెప్పి, వంగి భుజం ఇచ్చాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, ఒంటె ఎక్కినంత అలవాటుగా ఎక్కి కూర్చుంది.

మొదట్లో ఆమె వేళ్లు అతని భుజంలోకి గుచ్చుకున్నాయి. కాసేపటికి పట్టు సడలింది. బంధువు బండి కూరుకుపోయిన చోటు దాటాక, ఒంటెలను ఉరికించేవాళ్లు వేసే కూత ఒకటి అతని చెవి పక్కన లేచింది. లచ్చన్న వేగం పెంచాడు.

రోడ్డు దగ్గర హమూద్ పరుగెత్తుకొచ్చి తల్లి నుదురు ముద్దుపెట్టుకున్నాడు. దింపడానికి చేతులు చాచాడు. ఆమె కదలలేదు. లచ్చన్న వీపు మీద తట్టి, “మర్రా సానియా” అంది. మరొక్కసారి అని. హమూద్ సిగ్గుపడుతూ ఏదో చెప్పబోయాడు. ఆమె చేత్తోనే ఆపేసింది.

లచ్చన్న పెట్రోలు చూసుకున్నాడు. చాలినంత ఉంది. మళ్లీ వెళ్లారు. ఈసారి నడిమధ్యన ఆమె ఆపమంది. ఇంజన్ ఆగాక అక్కడ చెవుల్లో సొంత నెత్తురు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఈ బండి ఉప్పు కోసమే చేశారా అని ఆమె అడిగింది. కాదని, చాలా దూరాన పైనుంచి తెల్లగా రాలి నేలంతా ఇలాగే పరుచుకుంటుందని, దానికోసం చేశారని అతను సగం మాటలతో, సగం చేతులతో చెప్పాడు. ఆకాశం నుంచా అని ఆమె పైకి చూసింది. కొంచెంసేపు ఆలోచించి, అది కూడా ఉప్పగా ఉంటుందా అని అడిగింది. ఉండదని, నోట్లో వేసుకుంటే మంచినీళ్లవుతుందని చెప్పాడు.

తాగే నీళ్లు ట్యాంకరుతో తెచ్చుకునే ఊరు ఆమెది. ఆ తెల్లని నేలను చివరిదాకా చూసింది. అంతా మంచినీళ్లే అయితే ఎలా ఉంటుందో అనుకుందేమో. తను పది నిమిషాలు నడిపి మనసులో దాచుకున్న దాన్ని, ఆమె ఒక్క చూపులో ఇంకా పెద్దదాన్ని చేసినట్టు లచ్చన్నకు అనిపించింది.

తిరిగొచ్చి, రోడ్డు పక్కన హమూద్ చేపలు దించే షెడ్డులో టీ తాగాక, పసుపు బండిని అక్కడే వదిలి వెళతానని లచ్చన్న చెప్పాడు. వానలు పడ్డప్పుడు ఇక్కడ పనికొస్తుందన్నాడు. తాడు లాగడం, నూనె కలపడం హమూద్‌కు నేర్పాడు. నసీరుద్దీన్ అతన్ని పక్కకు తీసుకెళ్లి, నిజంగా ఇచ్చేస్తున్నావా అని అడిగాడు.

“ఇచ్చుడు గాదు. దానికి జాగ దొరికింది. మనమే అప్పుడప్పుడు వచ్చి చూసిపోదాం.”

నసీరుద్దీన్ ఖాళీ పికప్‌లో తాళ్లు చుట్టలు చుట్టి పెట్టాడు. తిరుగుదారిలో సినావ్ ఊరు వచ్చింది. అక్కడ నసీరుద్దీన్ గేరు మారుస్తూ పక్కకు చూస్తే, లచ్చన్న పిడికిళ్లు రెండూ ఒళ్లో, ఇంకా హ్యాండిలు పట్టుకున్నట్టే ఉన్నాయి.